గట్టిమేళం నా వంతు

ఇన్నేళ్లూ ఈ మాట గొంతులో దాచుకునే నాదస్వరం ఊదాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది సూళ్లూరుపేట. ముస్లిములమే అయినా తాతల నాటి నుంచి పెళ్లిళ్లలో, గుళ్లలో మంగళవాద్యం మాదే. మస్తాను మా పిన్నమ్మ కొడుకు, నాకు తమ్ముడు. విద్య ఇద్దరం ఒకచోటే నేర్చుకున్నాం. వాడికి వచ్చింది, నాకు అబ్బలేదు. మేళానికి పెద్దను నేను. ప్రాణం వాడు.

పందొమ్మిది వందల యాభైల చివర్లో ఒక వేసవి, నాయుడుపేట దగ్గర పెద్ద రైతు ఇంట్లో పెళ్లి. మధ్యాహ్నం ముహూర్తం. పొద్దున్నే మా వీధి సైకిల్ షాపతను వచ్చి నన్ను పందిరి వెనక్కి పిలిచాడు. పిన్నమ్మ పోయిందట. మస్తాను వస్తే మట్టి చేస్తారట.

చావు కబురు పొక్కితే మైల అని మమ్మల్ని పందిట్లోంచి లేపేస్తారు. అదొక భయం. కానీ అబద్ధమెందుకు, వాణ్ణొక్కణ్ణీ ఏదో సాకు చెప్పి పంపేయవచ్చు. పంపితే అంతమంది ముందు నేను ఊదాలి. నా చేతకానితనం బయటపడుతుంది. వాడి కోసం ఆగొద్దని చెప్పి అతన్ని పంపేశాను. నన్నెత్తుకుని పెంచిన పిన్నమ్మ. ఆ మాట అనడానికి నోరెలా వచ్చింది నాకు?

మస్తాను గట్టిమేళం ఊదుతుండగా తాళి కట్టారు. ఆ వేళకే అక్కడ వాళ్లమ్మను గోతిలోకి దించారు.

భోజనాలయ్యాక చెప్పాను. వాడు చేతిలోని నాదస్వరం కింద పెట్టాడు.

"కబురెప్పుడొచ్చిందన్నా?"

"ఇప్పుడేరా."

"మట్టి చేసేసినారా?"

తలూపాను.

ఆ తర్వాత వాడి వాద్యం మారిపోయింది. ఆలాపన మొదలుపెడితే ఆడవాళ్లు కళ్లు తుడుచుకునేవారు. తల్లి పోయిన దుఃఖం వాణ్ణి విద్వాంసుణ్ణి చేసిందంటారు జనం. నేనూ అవునంటాను. తల్లి పోయినందుకేనా, ఆమె మొహం చివరిసారి చూడనందుకా? ఆ బాధ పెట్టింది నేనే కనుక వాడి పేరులో నాకూ వాటా ఉందని ఒక్కోసారి లోలోపల అనుకున్నాను కూడా. ఛీ, ఏం మనిషిని!

తాళి కట్టే వేళకు మాత్రం వాడు నాదస్వరం ఒళ్లో పెట్టుకుని నా వైపు చూస్తాడు. గట్టిమేళం నేనే ఊదాలి. ఆ రోజు నుంచీ అంతే. అన్నకిచ్చే మర్యాద అనుకుంటారు చూసేవాళ్లు. వాడికి తెలుసా? సైకిల్ షాపతను చెప్పాడా? నేను అడగలేదు, వాడు చెప్పలేదు. దేన్ని తప్పించుకోవాలని ఆ పాపం చేశానో, ప్రతి పెళ్లిలోనూ అదే చేస్తున్నాను.

చెప్పేశాను. వాడికి కాదు, మీకు. గుండె కాస్త తేలికైంది, అంతే. రేపు ఇంకో పెళ్లి ఉంది. తాళి వేళకు వాడు మళ్లీ నా వైపు చూస్తాడు.