కవాతు పాటలో నా కూర్పు

దొరల కాలంలో బద్వేలు మిషన్ బ్యాండు వాయించిన కవాతు పాటను కట్టింది నేనేనని, మద్రాసు దొర ఒకాయన దాన్ని రాసుకుపోయాడని అందరికీ చెబుతుంటాను. దొరలెవరూ రాసుకుపోలేదు. పాట కట్టింది కూడా మా బ్యాండు మాస్టరే. నేను పెద్ద డ్రమ్ము కొట్టేవాణ్ణి.

అంతకుముందు నేను మగ్గం నేసేవాణ్ణి. నా చెయ్యి ఒకే లెక్కన పడుతుందని మాస్టరు చేర్చుకున్నాడు. అది నిజమే. కాకపోతే మగ్గం మీద జానెడు నేశాక ఆగి, నేసిన గుడ్డను చుట్టుకోవాలి. డ్రమ్ము దగ్గర కూడా సరిగ్గా అంతసేపు కొట్టి ఆగిపోయేవాణ్ణి. అడుగులు వేసేవాళ్లు కాలెత్తి నిలబడిపోయేవాళ్లు.

"ఏమప్పా, నడిమధ్యన యాడికి పోతాండావు?" అన్నాడు మాస్టరు.

"గుడ్డ చుట్టుకుంటాండా సార్."

"ఈడ గుడ్డ యాడుండాది? రేపు కొత్త చర్చి తెరిచేటప్పుడు ఆగితివా, డ్రమ్ము మీ బామ్మర్దికిచ్చేస్తా."

మా బావమరిది తాళాలు వాయించేవాడు. వాడి గొప్పలు అప్పటికే ఇంట్లో పట్టడం లేదు.

మర్నాడు ఊరేగింపులో పళ్లు బిగబట్టి కొట్టాను. జానెడు కాగానే చెయ్యి ఆగింది. నా పని అయిపోయిందనుకున్నాను. అంతలో ఆ ఖాళీలో బావమరిది తాళాలు ఝల్లుమన్నాయి. జనం చప్పట్లు కొట్టారు. నన్ను మార్చడం కన్నా పాటను మార్చడం సులువనుకుని, మాస్టరు వాడికి ముందే చెప్పి ఉంచాడట.

కాబట్టి ఆ పాటలో నా కూర్పు ఆ ఖాళీ ఒక్కటే. దానిక్కూడా నేను చేసిందేమీ లేదు.