దొరసాని కర్ర, అమ్మ కొలత

మొన్న ఒంగోలులో ఒక ఇనప సామాన్ల కొట్టు ముందు నుంచి పోతుంటే ఆముదం వాసన తగిలి ఆగిపోయాను. కొట్టాయన పాత గొడ్డలి కామ ఒకదానికి గుడ్డతో ఆముదం పట్టిస్తున్నాడు. అడగకుండానే దాన్ని చేతిలోకి తీసుకుని, రెండుసార్లు పైకీ కిందికీ ఊపి, ముందువైపు బరువెక్కువైందని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. డెబ్భై దాటిన ఆడమనిషికి గొడ్డలితో పనేమిటని కాబోలు. పనేమీ లేదు, అది నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

మా నాన్న మస్తాను కామలు చేసేవాడు. పారకైనా, గొడ్డలికైనా, నిలబడి కలుపు చెక్కే దోకుడుపారకైనా పట్టుకునే కర్రని మా వైపు కామ అంటారు. చుట్టుపట్ల నల్లరేగడి ఊళ్లన్నిటికీ ఆయనే చేసిపెట్టేవాడు. తొలకరి పడి పత్తి మొలకలు రెండాకులు తొడిగే రోజుల్లో మా వాకిలి నిండా జనం, బురద కాళ్లు, చుట్టపొగ. మిరపకాయలు కళ్లాల్లో ఎండే మాఘ ఫాల్గుణాల్లో ఊరంతా తుమ్ములూ కళ్ల మంటలూ, ఆ ఘాటులోనే పిల్లలం నాన్న చెక్కి పారేసిన తుమ్మ ముక్కలతో బిళ్లంగోడు ఆడుకునేవాళ్లం. పీర్ల పండగ పది రోజులూ మాత్రం నాన్న కర్ర చెక్కే బాడిశ ముట్టేవాడు కాదు, అమ్మ చేసిన మలీదా ముద్దలూ మిరియాలు దంచి వేసిన బెల్లం పానకమూ పంచేవాడు, మిగతాసేపు ఎప్పుడూ కర్ర ఉండే ఆయన చేతులు ఏం చెయ్యాలో తెలియనట్టు ఊరికే కదులుతూ ఉండేవి.

ఆయనకొక పట్టుదల ఉండేది. మనిషిని చూడకుండా కామ చేసేవాడు కాదు. వచ్చినవాడి చెప్పులు విడిపించి వాకిట్లో నిలబెట్టి, మణికట్టు ఎముక నుంచి నేలదాకా నూలుదారం పట్టి ఒక ముడి, అరచేతి చుట్టుకొలతకి ఇంకో ముడి వేసేవాడు. ఆ తర్వాత ఉత్తి కర్ర చేతికిచ్చి నేలమీద పది వేట్లు వెయ్యమనేవాడు. భుజంతో కొట్టేవాడికి ఒక తీరు కర్ర, మణికట్టుతో కొట్టేవాడికి ఇంకో తీరు. ఎవరైనా విసుక్కుంటే, "కాళ్లకి చెప్పులు కొలత ఇచ్చి కుట్టించుకుంటావు గదరా, చేతులేం పాపం చేశాయి?" అనేవాడు. పరాయి ఆడవాళ్ల చెయ్యి ముట్టకూడదు గనక వాళ్ల కొలత అమ్మ తీసేది. మా అమ్మ మీరాబీ పొట్టి మనిషి, నాన్న భుజందాకా కూడా వచ్చేది కాదు, కానీ ఆమె వేసిన ముడి వెంట్రుకవాసి తప్పేది కాదు. ఇద్దరికీ చదువు రాదు. గోడ మేకులకి వేలాడే వందల దారాల్లో ఏది ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు గుంటూరు నుంచి రెడీమేడ్ కామలు కట్టలు కట్టలుగా దిగాయి. అప్పటికప్పుడు దొరికేవి, కొలతల తంటా లేదు. ఆ తొలకరికి మా వాకిట్లో మనుషుల్ని వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఇట్లాగే ఉంటే పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనికి పోవాల్సిందేనని నాన్న ఒకరోజు అన్నం ముందు అన్నాడు. మా పెదనాన్న అక్కడే దగ్గి దగ్గి పోయాడు.

అటువంటప్పుడు యోహాను వచ్చాడు. వాడరేవు దారిలో సరుగుడు తోటల పక్కన ఇసుక నేలలో పొగాకు కంపెనీ దొరలు గోల్ఫు ఆడేవారు. వాళ్ల వెంట కర్రలు మోసే మనిషి అతను. గోనెసంచిలోంచి బంతిని కొట్టే ఇనప మూతిని, రెండుగా విరిగిన సన్నటి కర్రని తీసి నాన్న ముందు పెట్టాడు.

"దొరగారి బంగళాలో ఇచ్చారు మస్తానూ. ఇనుము పాతదంట, వదులుకోరంట. కర్ర గనక సరిగ్గా కుదిరిందా, కంపెనీ తోటల పార కామలన్నీ నీకే ఇస్తామన్నారు."

"మనిషిని తీసుకురా."

"దొరని నీ వాకిట్లో చెప్పులిప్పించి నిలబెట్టమంటావా?"

నాన్న విరిగిన ముక్కలు రెండూ కలిపి పట్టి చూశాడు. తర్వాత, జన్మలో మొదటిసారి, దొర ఎంత పొడుగని నోటిమాటగా అడిగాడు. యోహాను చెయ్యెత్తి చూపించాడు. నాన్న చేవదేరిన తుమ్మ తీసుకుని, గొడ్డలికి చేసినట్టే వంగకుండా బిర్రుగా, పిడి లావుగా చెక్కి, గాజుపెంకుతో గీకి, ఆముదం పట్టించి పంపాడు. చూడ్డానికి ఎంతో అందంగా ఉంది.

ఎనిమిదో రోజుకి కర్ర తిరిగొచ్చింది. "బంతి లేవడంలేదు. నేలబారున పక్కకి పోతోంది. అమ్మగారు చెయ్యి నొప్పంటున్నారు," అన్నాడు యోహాను.

"అమ్మగారేంది?"

"కర్ర అమ్మగారిదేగా."

నాన్న బాడిశ కింద పెట్టేశాడు. ఆడవాళ్లు పార పట్టడం రోజూ చూసే మనిషికి, ఆడవాళ్లు ఆటకి కర్ర పడతారన్న సంగతి తోచనే లేదు. యోహానుకి చెప్పాలని తోచలేదు. చూడకుండా చెయ్యనన్నవాడు చూడకుండా చేసినందుకు తగిన శాస్తి జరిగిందని అమ్మ ఆ పూటంతా సాధించి, మర్నాడు పొద్దున్నే నూలుదారం కొంగున కట్టుకుని, నన్ను వెంటేసుకుని బండెక్కింది.

దొరసాని సన్నటి మనిషి, ఎండకి ముక్కు కమిలిపోయి ఉంది. అమ్మ సైగ చెయ్యగానే బూట్లు విప్పి ఇసుకలో నిలబడి, నవ్వుతూ చెయ్యి చాపింది. అమ్మ నవ్వలేదు. ముళ్లు వేసి, పది వేట్లు వెయ్యమని వేళ్లు చూపించి, చుట్టూ తిరిగి చూసింది. ఇంటికొచ్చాక నాన్నతో అంది: "ఆమె చేతుల్తో కొట్టదయ్యా. ముందు నడుం తిరుగుద్ది, చేతులు ఆ వెనకాల వస్తాయి, కర్ర ఇంకా వెనకాల రావాల. నీ తుమ్మకర్ర ముందే వచ్చి నిలబడుతోంది."

నాన్నకి కావడి బద్ద గుర్తొచ్చింది. బద్ద బిర్రుగా ఉంటే భుజం కోస్తుంది, మరీ మెత్తనైతే కుండలెగిరి నీళ్లొలుకుతాయి. మోసేవాడి అడుగుకి సరిగ్గా వంగి లేచేదే బద్ద. లోపల డొల్ల లేని గట్టి వెదురు తెచ్చి, ఒక కొస గడప కింద బిగించి, రెండో కొస వంచి వదిలి, ఎంతసేపు వణుకుతుందో చూసి, నడిమిన ఒక పొర గీకి, మళ్లీ వంచి, నాలుగు రోజులు అదే పని. పిడి సన్నం చేసి మేకతోలు చుట్టాడు. ఆ కర్రతో కొట్టిన మొదటి బంతి సరుగుడు చెట్ల మీదుగా పోయిందని యోహాను పరుగున వచ్చి చెప్పాడు. దాన్ని వెతకలేక చచ్చానన్నాడు.

మాట ప్రకారం కంపెనీ ఆర్డరు వచ్చింది. దోకుడుపార కామలు నాలుగు వందలు, అన్నీ ఒకే పొడుగు.

"ఎవరి చేతికి?" అన్నాడు నాన్న.

"ఎవరి చేతికైనా," అన్నాడు యోహాను.

ఆర్డరు కోసం తెచ్చిన కర్రల మోపు రెండు రోజులు విప్పలేదు నాన్న. మూడో రోజు అమ్మే కదిలించింది. "తోటల్లో దిగేది ఆడోళ్లు. పొడుగు కర్రతో పొట్టిది పనే చెయ్యలేదు. పొట్టి కర్రని పొడుగుది వంగైనా పట్టుద్ది. నా కొలత పెట్టు."

"పొడుగోళ్ల నడుములేంగావాల?"

"నువ్వు బట్టీలకి పోతే మనవేంగావాల?"

ఆమె మెట్టు దిగి వాకిట్లో నిలబడింది. నాన్న మోకాళ్లమీద కూర్చుని మణికట్టు నుంచి నేలదాకా దారం పట్టాడు. పెళ్లయి పన్నెండేళ్లయినా ఆయన ఆమె చేతి కొలత చూడటం అదే మొదలు. నాకు మాత్రం సంతోషంగా ఉంది, నాన్న ఎక్కడికీ పోవడం లేదు. ఆ ఏడే కాదు, తర్వాత ఇరవయ్యేళ్లు ఏటా అదే ఆర్డరు, అదే కొలత. ఆ కామల మీదే నేను చదువుకున్నాను, టీచరునయ్యాను.

ఇప్పుడు కంపెనీ తోటలు లేవు, అక్కడ ప్లాట్లు వేశారు. గడ్డికి మందు కొడుతున్నారు, దోకుడుపార చూపిస్తే పిల్లలు పేరు చెప్పలేరు. అమ్మ దారాలు ఏ వానలో ఏ గోడతో కూలాయో గుర్తు లేదు. కొలత చూసి కర్ర ఇచ్చే మనిషి ఈ చుట్టుపక్కల జిల్లాల్లో ఉన్నాడని నేననుకోను.

ఆముదం వాసన తగిలిన రోజే మోకాళ్ల నొప్పికి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాను. పక్కన కూర్చున్న ముసలామె కబుర్లమనిషి. కంపెనీ తోటల్లో పద్దెనిమిదేళ్లు కలుపు చెక్కిందట.

"మా ఊళ్లో నన్ను తాటిచెట్టనేవాళ్లమ్మా. ఆ పారలేమో పొట్టి. రోజల్లా వంగే ఉండేదాన్ని. ఆ కామలు చేసిన మహానుభావుడెవడోగాని, మనిషిని చూడకుండా చేశాడు."

నేను ఎవరి కూతురినో చెప్పలేదు. లోపలి నుంచి ఆమె పేరు పిలిచారు. గోడ పట్టుకుని మెల్లగా లేచింది. నేనూ సాయంగా లేచి చెయ్యి పట్టుకున్నాను. నిలబడ్డాక కూడా ఆమె నడుం లేవలేదు, తల నా భుజం దగ్గరే ఉంది.