మొక్కు నడకా, రెండు పఫ్‌లూ

ఆ రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదు. రాయడం రానివాళ్ళు ఏ సంగతైనా నోటితోనే చెప్పుకోవాలి. నేనేమో ఈ సంగతి మొదలుపెడితే సగంలోనే నవ్వొచ్చి, నవ్వు దగ్గయి, దగ్గు ఆయాసమై, వినేవాళ్ళు మంచినీళ్ళ కోసం పరిగెత్తేవారు. అందుకని ఇన్నాళ్ళూ ఇది ఎవరికీ పూర్తిగా తెలియలేదు. నలభై దాటాక మా పేటలో ఆడవాళ్ళకి చదువు చెప్పే టీచరుగారి దగ్గర చేరాను. 'ఫ' దగ్గరికి వచ్చినప్పుడు, "ఈ అక్షరం ఉన్న మాట ఒకటి చెప్పండమ్మా" అంటే అందరూ ఫలం, ఫలితం అన్నారు. నేనొక్కదాన్నే "పఫ్ అండీ" అన్నాను. క్లాసంతా నవ్వింది. (వాళ్ళకి తెలిసింది సగమే.) ఇక రాయక తప్పదనిపించింది.

పెళ్ళయిన రెండో ఏడు మా ఆయనకి పచ్చకామెర్లు వచ్చి మంచం పట్టారు. మా అత్తగారు హడలిపోయి, "తల్లీ, నా కొడుకు లేచి తిరిగితే నా కోడలు జాతరకి ఏలూరు నుంచి నడిచొచ్చి నీకు చీర పెడుతుంది" అని కొల్లేటికోట అమ్మవారికి మొక్కేశారు. మొక్కు ఆవిడది, కాళ్ళు నావి. ఆయన చక్కగా లేచి తిరిగారు. జాతర వచ్చేది ఫాల్గుణంలో. నాకేమో చలి వెనకబట్టి గాలిలో పూత నూగు తిరిగే ఆ రోజుల్లోనే ఏటా ఛాతీ పట్టేస్తుంది. నడక అలవాటవుతుందని పొద్దున్నే కాలువగట్టు మీద తిరగడం మొదలుపెడితే, రాత్రికి పిల్లికూతలు వచ్చేవి. మొదటిరోజు అత్తగారు నిజంగానే పిల్లి దూరిందనుకుని లేచి పాలగిన్నె మీద రుబ్బురాయి పొత్రం పెట్టారు. అది నా ఛాతీలో కూత అని తెలిశాక ఆవిడకి నిద్ర పట్టలేదు, నాకూ పట్టలేదు. నడవలేకపోతే మొక్కు తప్పుతుంది. మొక్కు తప్పితే ఆయన మళ్ళీ మంచం పడతారేమో! ఆ భయమే ఆయాసం కంటే గట్టిగా గుండెల మీద కూర్చుంది.

డాక్టరమ్మగారి దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. నీలం రంగు చిన్న పంపు ఒకటి చేతిలో పెట్టి, నోట్లో పెట్టుకుని నొక్కి ఎలా పీల్చాలో గబగబా చూపించారు. "నడక మొదలెట్టే ముందు రెండు పఫ్‌లు తీసుకోండి. పావుగంట ఆగి బయల్దేరండి. మధ్యలో ఇబ్బందైతే మళ్ళీ రెండు" అన్నారు.

"ఏదైనా తిన్నాక తీసుకోవాలాండీ, పరగడుపునా అండీ?" అన్నాను.

"ఎలాగైనా పర్లేదమ్మా."

మా సందు చివర బేకరీ ఉంది. పఫ్ అంటే నాకు తెలిసింది అక్కడిదే. అత్తగారికి చెబితే ఆవిడా ఆలోచించి, "డాక్టరు చెప్పాక అది మందే. కానీ మొక్కు తీరేదాకా ఎగ్గుది మాత్రం ముట్టుకోకు. కర్రీదే తిను" అని తీర్పు చెప్పారు. ఎగ్ పఫ్ అంటే ఆవిడకి ప్రాణం. అయినా నాకు తోడుగా తనూ మానేశారు. ఇక రోజూ పొద్దున్నే వేడివేడిగా రెండు కర్రీ పఫ్‌లు మింగి, పావుగంట అరుగు మీద కూర్చుని బయల్దేరేదాన్ని. పంపు మాత్రం ఊపిరి పూర్తిగా ఆగిపోయేటప్పుడు వాడేదనుకుని, బొట్టుపెట్టి దేవుడి అలమరలో దాచాం. ఆయాసం తగ్గలేదు సరికదా, త్రేన్పులు కూడా తోడయ్యాయి.

జాతరకి మా పేటవాళ్ళం తెల్లవారుజామునే బయల్దేరాం. నడవలేనివాళ్ళ కోసం వెనక ఒక ఆటో. అందులో మా అత్తగారు, ఒళ్ళో అమ్మవారి చీర, పంపు, పఫ్‌ల పొట్లం. కొల్లేరులోకి దిగాక రోడ్డుకి అటూ ఇటూ చేపల చెరువులు, గట్లనిండా కిక్కిస రెల్లు. దాని నూగు గాలికి లేచి మొహాన కొడుతోంది. ముందు తుమ్ములు, తర్వాత కూతలు, ఆ తర్వాత కూత పెట్టడానికి కూడా గాలి లేదు. గట్టు మీద కూలబడ్డాను.

"ఎక్కేయండమ్మా, ఎవరు చూడొచ్చారు!" అన్నాడు ఆటో అతను.

"అమ్మవారు చూడదుటయ్యా!" అని అత్తగారు దూకినట్టు దిగి, పొట్లం విప్పి పఫ్ నా నోటికి కుక్కబోయారు. "మళ్ళీ రెండన్నారు కదే, తినవే తల్లీ!"

నేను వద్దని చెయ్యి ఊపుతూ పంపు వైపు చూపించాను. ఆవిడ బావురుమన్నారు. "అప్పుడే పంపుదాకా వచ్చిందిటే! అది ఆఖర్న కదే!"

మా వెనక నడుస్తున్న తాడేపల్లిగూడెం టీచరుగారు ఒకావిడ ఆగారు. ఆవిడ చేతిసంచిలోనూ అలాంటి నీలం పంపే ఉంది. "పొద్దున్న పఫ్‌లు తీసుకున్నారా?" అని అడిగారు.

"రెండు తీసుకుందండీ," అన్నారు అత్తగారు. "కర్రీవే. ఎగ్గువి కాదు."

ఆవిడకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. నవ్వు ఆపుకుని, మా పంపు తీసి ఆడించి, నా నోటికి అందించారు. "పఫ్ అంటే ఇదమ్మా. ఒకసారి నొక్కితే ఒక పఫ్. పీల్చండి, బిగబట్టండి. ఇంకోటి." పట్టుచీర ముడి వదులైనట్టు మెల్లగా ఛాతీ వదిలింది. గాలి లోపలికి వస్తుంటే అది తియ్యగా ఉంటుందని ఆ రోజే తెలిసింది. ఆవిడ నన్ను కదలనివ్వకుండా చాలాసేపు కూర్చోబెట్టి, ముక్కుకి తడిగుడ్డ కట్టి, "మెల్లగా నడవండి, మళ్ళీ పట్టేస్తే మాత్రం ఆటోయే. అమ్మవారు కోప్పడదు" అన్నారు.

అత్తగారు మళ్ళీ ఆటో ఎక్కలేదు. పఫ్‌ల పొట్లం ఆటో అతనికిచ్చేసి, నా పక్కనే కాళ్ళీడ్చుకుంటూ, నాలుగడుగులకోసారి నా ఛాతీ దగ్గర చెవి పెడుతూ నడిచారు. చుట్టూ జనం చూస్తున్నారన్నా వినలేదు. పొద్దుగూకేవేళకి ఇద్దరం కలిసి చీర పెట్టాం. ఆ రాత్రే ఆటోలో ఇల్లు చేరాం.

మర్నాడు పొద్దున్న నడవాల్సిన పనేం లేదు. అయినా మెలకువ వచ్చేసింది. అత్తగారు మళ్ళీ దేవుడి అలమరలో పెట్టిన పంపు తీసి, దానికున్న బొట్టు తుడిచి, రెండుసార్లు పీల్చాను. పావుగంట అరుగు మీద కూర్చుని, ఎవరి మొక్కూ లేకుండా కాలువగట్టు మీదికి ఒక్కదాన్నే బయల్దేరాను. (అప్పటి నేను, ఆ బక్కపిల్ల, ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని దర్జాగా నడుస్తూ, ఇప్పటికీ నాకు కనపడుతూ ఉంటుంది.) తిరిగొస్తుంటే బేకరీ అతను అలవాటుగా రెండు కర్రీ పఫ్‌లు పొట్లం కట్టేశాడు.

"అవి వద్దండీ, మందు మారింది," అన్నాను. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వెళ్ళాను. "ఒక ఎగ్గుది ఇవ్వండి. మా అత్తగారికి."