స్టార్ట్ ఇమ్మీడియట్లీ

నాన్న పాత డిక్షనరీ తెరిస్తే ఇప్పటికీ కలరా ఉండల వాసనే. ఒక ఇంగ్లిషు క్రియ పుట్టుక, పెరుగుదల, అది మా ఇంటి మీద పడిన తీరు మహాభారతమంత చెబుదామని కూర్చున్నాను. అంత లేదు. రెండు మాటల టెలిగ్రాం, ఒక ప్యాసింజరు బండి, అంతే.

తొంభైల మొదట్లో, తెనాలిలో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం అమ్మ కుంపటి మీద మొక్కజొన్న పొత్తులు కాలుస్తుంటే నేను అరుగు మీద గచ్చకాయలాడుతున్నాను. "టెలిగ్రాం!" అన్న కేక వినగానే అమ్మ పొత్తు వదిలేసి ఏడుపందుకుంది. మా వీధిలో టెలిగ్రాం విప్పకముందే ఏడవాలి. చదివాక ఏడిస్తే ప్రేమ తక్కువని లెక్క. పక్కింటి మస్తానమ్మత్త కూడా వచ్చి శ్రుతి కలిపింది, ఎవరు పోయారో ఇంకా తెలియదు.

నాన్న విప్పాడు. రేపల్లె నుంచి బాబాయి ఇచ్చాడు: 'స్టార్ట్ ఇమ్మీడియట్లీ.' నాయనమ్మ ఉండేది బాబాయి దగ్గరే. హైస్కూల్లో ఇంగ్లిషు చెప్పే నాన్న డిక్షనరీ తీశాడు.

"స్టార్ట్ అంటే మొదట్లో ఎగిరి దూకడం. ఉలిక్కిపడటం కూడా. బయల్దేరడం, మొదలెట్టడం బాగా వెనకొచ్చిన అర్థాలు," అన్నాడు. పోవడమన్న అర్థం ఎక్కడా కనపడనందుకేమో, ఆ పేజీ వదల్లేదు.

"అన్నయ్యా, అర్థాలు బండిలో చూసుకుందురుగానీ, ముందు లెగండి," అంది మస్తానమ్మత్త.

మా చర్చివాళ్లు చావింటికి వట్టి చేతులతో వెళ్లరు. స్టేషను దారిలో నాన్న పూలచక్రం కొన్నాడు. బండి ప్రతి ఊళ్లోనూ ఆగింది, నల్లమబ్బు ఎక్కడా ఆగకుండా మా వెంటే వచ్చింది. మా పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు. చక్రం నా ఒళ్లో ఉంది మరి. బాబాయి ఇంటి ముందు పందిరి వేస్తున్నారు. అది చూసి నాన్న గేటు పట్టుకుని ఆగిపోయాడు.

పందిరి కింద నాయనమ్మ గోరుచిక్కుళ్లు వలుస్తోంది.

"ఏంట్రా అది?"

నాన్న ఇంకా గేటు వదల్లేదు.

"నీకేనే నాయనమ్మా," అన్నాను.

ఆవిడ చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "బంతిపూలు ఎక్కువేశాడు. ఉత్తరం రాస్తే నెలకొస్తావు, టెలిగ్రాం ఇస్తే సాయంత్రానికొచ్చావు. మీ చెల్లికి నిన్ననే సంబంధం కుదిరింది, రేపే ప్రధానం. పెద్దోడివి నువ్వు లేకుండా ఎట్టారా?"

నాన్న ఆవిడ పక్కన కూలబడి, అప్పుడు ఏడ్చాడు.

ఇప్పుడు టెలిగ్రాములు లేవు, అరుగులు లేవు, విప్పకముందే ఏడ్చేవాళ్లూ లేరు. నాయనమ్మ నిజంగా పోయినరోజు ఫోనొచ్చింది. నాన్న చెప్పులేసుకుని స్టేషనుకి పరిగెత్తాడు. ఆ పూట రేపల్లె బండి రద్దు. బస్సులో నిలబడి వెళ్లాం.