చూడలేదు వదినా

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తు ఆవిడ తలుపు తట్టి, "మీరు పెద్దవారు కదండీ, చిన్న సందేహం" అంది. వాళ్ళాయనకి చిన్నాన్న వరసాయన ఒకరు ఎక్కడో పోయారట. పొలం తగాదా వల్ల ముప్ఫై ఏళ్ళుగా రాకపోకల్లేవు. ఇంటిపేరు మాత్రం ఒకటే. పదో రోజుకి వెళ్ళాలా, వెళ్ళకపోతే ఏమన్నా దోషమా అని అడిగింది. ఇలాంటి విషయాల్లో నన్ను పెద్దదాన్ని చెయ్యడం నాకేమంత నచ్చదు, పైగా నాకు తెలిసిన శాస్త్రం అంతంతమాత్రం. అయినా ఆవిడ అడిగింది శాస్త్రం గురించి కాదు. వెళ్తే ఏమనుకుంటారో, వెళ్ళకపోతే ఏమనుకుంటారో అన్న బెంగ ఆవిడ మొహంలో కనపడుతూనే ఉంది. "వెళ్ళమనండి. కానీ అక్కడ ఎవరన్నా ఏదన్నా అడిగితే ఏం చెప్పాలో ముందే అనుకుని వెళ్ళమనండి" అన్నాను. ఆవిడ నా వైపు విచిత్రంగా చూసి, పొయ్యి మీద పెట్టిన కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది. ఆ కాఫీ నేనే తాగుతూ చాలాసేపు కూర్చున్నాను.

మా వైపు మనిషి పోతే పదో రోజున ఆ ఇంటిపేరు మగవాళ్ళంతా కాలవ రేవుకి చేరి, స్నానం చేసి, దోసిట్లో నువ్వులూ నీళ్ళూ పట్టుకుని పోయినవారి పేర వదులుతారు. ధర్మోదకాలంటారు. బతికుండగా మాటల్లేకపోయినా ఆ దోసెడు నీళ్ళు ఇవ్వాల్సిందే. పెళ్ళయిన ఆడపిల్లకి ఇంటిపేరు మారుతుంది గనక ఈ బాధ్యత ఉండదు. పదిహేనేళ్ళ కిందట మా పుట్టింటి మీద అలాంటి పదిరోజులు వచ్చిపడ్డప్పుడు నాకు మైల లేదన్నారు. భయంలో మాత్రం నా వాటా నాకు వచ్చింది.

మాది ఉయ్యూరు దగ్గర ఊరు. నాన్న చెరకు ఫ్యాక్టరీలో కాటా గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. చెరకు ట్రాక్టర్లని తూచే చోట ముప్ఫై ఏళ్ళు కూర్చున్న మనిషి. వెనకాల లైను రోడ్డెక్కి, రైతులు "రాసెయ్యండి గురువుగారూ" అని గోలపెడుతున్నా, కాటా ముల్లు ఊగడం ఆగేదాకా ఆయన కలం కదిలేది కాదు. సొంత తమ్ముడి చెరకైనా అంతే. ఇంట్లోనూ అదే తీరు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అమ్మ అడిగితే రెండో ముద్ద మింగేదాకా జవాబు రాదు. వాన వస్తుందా నాన్నా అంటే వచ్చాక చెప్తానమ్మా అనేవాడు. ఈ సంగతులు చెప్పుకుని మేమంతా పడీపడీ నవ్వేవాళ్ళం. నవ్వడంలో బాబాయిదే పెద్ద గొంతు.

బాబాయి, అంటే నాన్న తమ్ముడు, దీనికి పూర్తిగా తిరగేసిన మనిషి. ఆయనకి మాట ముందు, ఆలోచన తరవాత. కోపం వస్తే ఊరంతా వినపడేలా అరిచి, అరగంటకి ఆ మనిషినే పిలిచి టీ ఇప్పించేవాడు. చిన్నప్పుడు నాకు సూది మందంటే ప్రాణభయం. డాక్టరు దగ్గరికి నన్ను భుజాన వేసుకుని తీసుకెళ్ళి, "ముందు నాకు పొడవండి, పిల్ల చూసి ధైర్యం తెచ్చుకుంటది" అని చొక్కా చెయ్యి పైకి మడిచేవాడు. ఏ రోగం లేని బాబాయికి ఆ డాక్టరు ఏం పొడిచాడో ఇప్పటికీ నాకు తెలీదు. అన్నదమ్ములిద్దరివీ ఒకే వాకిట్లో రెండిళ్ళు. అమ్మా పిన్నీ ఏడాదికి సరిపడా ఆవకాయ ఒకే రోజున, ఒకే చాప మీద కూర్చుని కలిపేవాళ్ళు.

మా ఇంటిపేరులో మూడో ఇల్లు మేడింటి పెదనాన్నది. నాన్నకి పెదతండ్రి కొడుకు. ఊళ్ళో మొదట మేడ కట్టాడు కాబట్టి ఆయనకి ఆ పేరు. బాబాయి చెరకు చేను లోపలుంటే, రోడ్డు మీదికి రావడానికి దారి పెదనాన్న గట్టు మీదుగా ఉండేది. ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డర్ వచ్చిందంటే చెరకు వెంటనే కొట్టి తోలాలి, ఎండేకొద్దీ బరువు పోతుంది. సరిగ్గా ఆర్డర్ వచ్చిన వారంలో పెదనాన్న ఆ దారికి అడ్డంగా బోదె తవ్వించాడు. నీళ్ళ కోసమే అన్నాడాయన. కావాలనే అన్నాడు బాబాయి. టీకొట్టు దగ్గర పదిమందిలో, "రేపు నా ట్రాక్టర్ ఆగిందంటే ఆయన మీద నుంచే తోలేస్తా" అని కూడా అన్నాడు. ఎప్పటిలాగే అరిచాడులే అనుకున్నారందరూ. మర్నాడు పొద్దున మేడింటి పెదనాన్న పంటకాలవ తూము కింద, తల పగిలి, చనిపోయి కనిపించాడు.

మూడో రోజున పోలీసులు బాబాయిని తీసుకెళ్ళారు. తెల్లారుజామున ఎక్కడున్నావంటే చేలో ఉన్నానన్నాడు. నిన్నెవరన్నా చూశారా అంటే ఎవరూ లేరన్నాడు. ఏదో ఇనప వస్తువుతో కొట్టి ఉంటాడన్నారు, ఆ వస్తువు దొరకలేదు. నేనప్పటికే విజయవాడలో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. ఫోన్ మోగితే ఒక భయం. మోగకపోతే ఎందుకు మోగలేదా అని ఇంకో భయం. సిటీ బస్సులో పక్కసీటావిడ పేపర్లో జిల్లా పేజీ తిప్పుతుంటే, మా ఇంటిపేరు ఎక్కడ కనిపిస్తుందోనని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేదాన్ని.

ఆ పదిరోజులూ మా పుట్టింట్లో ఒకటే చర్చ. ధర్మోదకాలకి నాన్న వెళ్ళాలా వద్దా? పెదనాన్న తరవాత ఆ ఇంటిపేరులో ఇప్పుడు వయసులో పెద్దవాడు నాన్నే. కొడుకుల తరవాత మొదటి దోసిలి ఆయనదే. "వెళ్తే కొడతారండీ, నా మాట వినండి" అని అమ్మ ఏడ్చింది. పిన్ని గుమ్మం పట్టుకుని నిలబడి, "మీరు వెళ్ళకపోతే మా ఆయనే చంపాడని మన ఇంట్లోవాళ్ళమే ఒప్పుకున్నట్టు, బావగారూ. మీ కాళ్ళు పట్టుకుంటా" అంది. నాన్న ఇద్దరి మాటా విని, వెళ్తానన్నాడు. పిన్ని కళ్ళు తుడుచుకుంది. కారు నేనే నడుపుతానని వెంట వెళ్ళాను.

రేవులో వంద మంది దాకా ఉన్నారు. నాన్న మెట్లు దిగుతుంటే మాటలాగిపోయాయి. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. దానికే భయమేసింది నాకు. కొడుకులిద్దరూ నీళ్ళొదిలాక పురోహితుడు నాన్న వైపు చూశాడు. నాన్న మునిగి లేచి, తడిబట్టలతో దోసిలి పట్టాడు. అప్పుడు పై మెట్టు మీద కూర్చున్న మేడింటి పెద్దమ్మ నోరు తెరిచింది. ఆ పదిరోజుల్లో ఆవిడ మాట్లాడటం అదే మొదలట.

"మరిదిగారూ, మీరు అబద్ధమాడరని ఊరందరికీ తెలుసు. నీళ్ళు చేతిలో ఉన్నాయి. మీ తమ్ముడు చెయ్యలేదని చెప్పి వదలండి. చాలు నాకు. ఇంక ఎవర్నీ ఏమీ అడగను."

ఆవిడ గొంతులో కక్ష లేదు. నిజంగానే ఆ ఒక్క మాట కోసం చూస్తోంది. చెప్పు నాన్నా, చెప్పెయ్ అని గట్టు మీద నుంచి నేను లోలోపల అరుస్తున్నాను. నాన్న దోసిట్లో నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోతున్నాయి. సగం కారిపోయాక అన్నాడు.

"నేను చూడలేదు వదినా."

నీళ్ళు వదిలాడు. పెద్దమ్మ తల తిప్పేసుకుంది. రేవంతా గుసగుస లేచింది. నేను నాన్నని ఎక్కించుకుని కారు బయల్దేరదీశాను.

దారిలో అడిగాను. గట్టిగానే అడిగాను, జీవితంలో మొదటిసారి నాన్న మీద అరిచాను. ఆ ఒక్క మాట అంటే ఏం పోయింది అని. ఆయన కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. ఆ రోజు తెల్లారుజామున పళ్ళు తోముకుంటుంటే, బాబాయి కాలవ వైపు నుంచి మోకాళ్ళ దాకా తడిసి, బురదతో వాకిట్లోకి వచ్చాడట. ఏంట్రా అంటే, బోదె నేనే పూడ్చేసొచ్చా అన్నాడట. "అబద్ధమని అనడం లేదమ్మా. నిజమని నాకు తెలీదు." ఆ తడిబట్టల సంగతి ఆయన పోలీసులకి చెప్పలేదు, తరవాత కోర్టులోనూ చెప్పలేదు, అమ్మకీ చెప్పలేదు. అడగని సంగతి చెప్పకపోవడం అబద్ధం కాదని ఆయన లెక్క. తమ్ముడి కోసం ఆయన చేసిన సాయం అదొక్కటే. దాన్ని ఆ తమ్ముడి దగ్గర చెప్పుకునే వీలు లేదు.

'సొంత అన్నే చెప్పలేకపోయాడు' అన్న మాట సాయంత్రానికి ఊరు దాటింది, నాలుగు రోజుల్లో జైలుకి చేరింది. మూడు నెలలకి బెయిలు మీద వచ్చిన బాబాయి సగం అయిపోయాడు. వాకిట్లో నాన్న ఎదురొస్తే ఆగాడు. అరుస్తాడనుకున్నాం. అరిచి ఉంటే బాగుండేది. నెమ్మదిగా, "ఆ రోజు నువ్వు చూడలేదు, సరే అన్నయ్యా. నన్ను చూశావుగా, యాభై ఏళ్ళు" అని, లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. ఆ వేసవిలో వాకిలి మధ్య గోడ లేచింది. అమ్మ వేరే, పిన్ని వేరే కాయలు కొనుక్కున్నారు. నూనె ఎంత పడుతుందో తెలీక ఆ ఏడు ఇద్దరి ఆవకాయా బూజు పట్టింది. గోడకి అటూ ఇటూ కూర్చుని ఇద్దరూ దాన్ని పారబోసుకున్నారు.

నాలుగేళ్ళు కేసు నడిచింది. వాయిదాలన్నీ విజయవాడలోనే. నాన్నని సాక్షిగా పిలిచారు, రేవులో అన్న మాట జడ్జిగారి ముందు మళ్ళీ అనిపించారు. వాయిదా రోజున భోజనానికి అందరికీ నా ఇల్లే దిక్కు. పన్నెండింటికి నాన్నా అమ్మా, ఒకటిన్నరకి బాబాయీ పిన్నీ. మధ్యలో టేబుల్ తుడిచి, కంచాలు కడిగి, మొదటి పంక్తి జరిగిన ఆనవాళ్ళు లేకుండా సర్దేదాన్ని. నాకు ఈ హోటల్ పని బాగా చేతనైంది. ఒకసారి పిన్ని పప్పు కలుపుకుంటూ, "బావగారు తిన్నారా?" అని చిన్నగా అడిగింది. బాబాయి కంచంలోంచి తలెత్తలేదు.

నాన్నని ఎంత తప్పుపట్టినా, నేనేమీ మేలు కాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం బాబాయి చెప్పకుండా వచ్చాడు, లాయరు ఊళ్ళో లేడని. అన్నం పెట్టాను. హాల్లో కాసేపు నడుం వాలుస్తానన్నాడు. నేను వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, ఎందుకో నాకే తెలీకుండా, పిల్లలిద్దర్నీ పక్క ఫ్లాట్‌లో దింపి వచ్చాను. ఆయన కళ్ళు తెరిచి, "పిల్లలేరమ్మా?" అన్నాడు. ట్యూషనన్నాను. "ఆదివారం కూడానా" అన్నాడు. లేచి చెప్పులేసుకున్నాడు. నా కంటే ముందు తనకి సూది పొడిపించుకున్న మనిషి. ఆ రోజు తలుచుకుంటే ఇవాళ్టికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

నాలుగో వేసవిలో, కాలవలకి నీళ్ళు కట్టేశాక, ఆ తూము దగ్గర పూడిక తీశారు. మట్టిలో మేడింటి పెదనాన్న ఎడమకాలి చెప్పూ, దాని పక్కనే తూము తలుపు ఎత్తే ఇనపకడ్డీ దొరికాయి. కడ్డీ సగానికి విరిగి ఉంది. విరిగిన రెండో ముక్క తుప్పుపట్టి ఇంకా తూము మరలోనే ఇరుక్కుని ఉంది. నాలుగేళ్ళు దాని పక్కనుంచే ఊరంతా నడిచింది, ఎవరూ చూడలేదు. తెల్లారకముందే నీళ్ళు పెట్టుకుందామని పెదనాన్న ఒక్కడే వచ్చి, కడ్డీ మీద బరువు మోపితే అది విరిగి, ఆయన రాతి అంచు మీద పడ్డాడు. గాయం దానికి సరిపోతుందని డాక్టరూ చెప్పాడు. కేసు కొట్టేశారు. పెద్దమ్మే మనిషి చేత బాబాయికి కబురు పంపింది, తనని క్షమించమని.

అప్పటికి బాబాయి పొలం అమ్మేసి, మైలవరం దగ్గర పిన్ని వాళ్ళ మామిడితోట చూసుకుంటూ అక్కడే ఉంటున్నాడు. తీర్పు వచ్చిన మూడో రోజున నాన్న నాకు ఫోన్ చేసి, తీసుకెళ్తావా అన్నాడు. దారి పొడుగునా ఆయన పెదాలు కదులుతున్నాయి. ఏం అనాలో వల్లె వేసుకుంటున్నాడని నాకు తెలుస్తోంది. అన్నీ సర్దుకుంటాయని నాకు పిచ్చి ఆశ.

బాబాయి కాయలు గ్రేడు చేస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచి, మంచం మీది గడ్డి దులిపాడు. నాన్న కూర్చోలేదు. నిలబడే, తమ్ముడి మొహంలోకి చూస్తూ, స్పష్టంగా అన్నాడు.

"నువ్వు చెయ్యలేదురా."

బాబాయి కాసేపు చేతిలో కాయని అటూ ఇటూ తిప్పాడు. కోపం లేదు ఆయన మొహంలో. వెతికినా లేదు.

"అవునన్నయ్యా. పొద్దున పాలబ్బాయి కూడా అదే అన్నాడు" అన్నాడు. పిన్నిని పిలిచి మాకు మంచినీళ్ళు ఇమ్మన్నాడు.

 నాన్న తను పోయే రోజు వరకూ మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు. తోటలో ఆయన అన్న మాటలో తప్పేమీ లేదు. తమ్ముడికి ప్రపంచంలో ఎవరూ ఇవ్వలేని రోజున ఆ మాట ఆయన ఒక్కడి దగ్గరే ఉంది. నిజమని తేలేదాకా దాచి తెచ్చేసరికి, నాలుగేళ్ళ కాలం దాన్ని అందరి మాటా చేసేసింది.