కొండెక్కిన పోతు, నా ఎడమచేయి

దీపం కొండెక్కితే ఆరిపోయినట్టు, ధర కొండెక్కితే అందనట్టు. మా స్నేహితుని మేకపోతు మాత్రం నిజంగానే కొండెక్కింది. గుత్తికి అవతల, మా ఊరి వెనక ఉండే బోడికొండ అది. పోతును పట్టి దింపడానికి మేం ముగ్గురం పోవాలని తీర్మానమైన రోజు నుంచి అది దిగలేదు, నాకు అన్నమూ దిగలేదు.

ఆ స్నేహితుడు గొర్రెలు మేపుతాడు. నాతోపాటు ఐదో తరగతి దాకా చదివి, నాకన్నా తెలివిగా అక్కడే ఆపేసినాడు. వాళ్లమ్మ కాలు విరిగి మంచాన పడినప్పుడు, ఆమె లేచి నడిస్తే పోతును ఇస్తానని అమ్మవారికి మొక్కుకున్నాడు. మొక్కిన పోతుకు చెవి కొస కత్తిరించి వదిలేస్తారు. ఇంక దాన్ని ఎవరూ కట్టెయ్యరు, కొట్టరు, అమ్మరు. అది ఊరందరి కందిచేలూ మేసి, ఊరందరి అరుగుల మీదా పడుకొని, ఒకనాడు కొండదారి పట్టింది. ఇప్పుడు ఆమె నడుస్తాంది. మంగళవారం జాతర. పోతు పైనే ఉండాది.

పొద్దు వాలే వేళకు అది కొండ నెత్తిన, బండ అంచుకు కొంచెం కింద, మంచమంత గట్టు మీద చేరుతుంది. ఆ గట్టుకు పక్కనుంచి మేకలకే పనికొచ్చే సన్నటి దారి ఒకటే ఉంది. మా మూడోవాడు, ఆటో నడిపేవాడు, ఆ దారి కొసన వల పట్టుకొని నిలబడతాడు. గొర్రెలాయన నడుముకు తాడు కట్టుకొని పైనుంచి గట్టు మీదికి దిగుతాడు. ఆ తాడు రెండో కొస నా చేతుల్లో ఉంటుంది. గట్టు కింద ఏముందో నేను అడగలేదు. ఏమీ లేదని నాకు తెలుసు.

"నేనే యాలప్పా?" అన్నాను.

"జిరాక్స్ అంగట్లో కూచోని కూచోని బండ మాదిరి అయినావు కదరా" అన్నాడు ఆటోవాడు. "నిన్ను లాగల్లంటే క్రేను రావాల. పోతు వల్ల యాడ అవుతాది?"

నవ్వినాను. చిన్నప్పుడు వీళ్లిద్దరితో గుత్తి కోట ఎక్కుతూ, సగంలో కిందికి చూసి, గోడను కరుచుకొని ఏడ్చిన ఘనత నాది. చెరొక రెక్క పట్టుకొని దింపినారు. అప్పటినుంచి ఎక్కే పనికి నన్ను పిలవలేదు. ముప్ఫై ఏళ్ల తర్వాత, నా బరువును చూసే అయినా, పిలిచినారు. కాదనడానికి నోరు రాలేదు.

కొండ మీద చిరుత తిరుగుతాందని అనుకుంటున్నారు. దానికి భయపడుతున్నానని ఇద్దరికీ చెప్పినాను. అది పైకి చెప్పుకోదగ్గ భయం. చెప్పనిది నా ఎడమచేయి. షుగరు వచ్చినాక ఆ వేళ్లకు స్పర్శ పోతూ వచ్చింది. కాగితం పట్టుకున్నానో లేదో కళ్లతో చూసుకుంటే గానీ తెలీదు. ఎడమచేత్తో ఏదీ ఇవ్వకూడదనే మర్యాద నాకు భలే కలిసొచ్చింది. అంగట్లో అందరూ నన్ను పద్ధతైన మనిషి అనుకుంటారు. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. చెబితే నిజమవుతుందేమోనని.

మూడు రోజులు సామాన్లు సర్దినాం. నీళ్ల క్యాన్లు, జొన్నరొట్టెలు, ఊరిబిండి పచ్చడి, పోతుకు ఆశ చూపడానికి రాళ్ల ఉప్పు, రావిమండలు. ఒక్కో సామాను సంచిలో పడేకొద్దీ చాటుగా ఎడమచేత్తో బక్కెట్ మోసి చూసుకునేవాణ్ణి. బక్కెట్ నిలిచేది. బక్కెట్‌కు అమ్మ లేదు, పెండ్లాం లేదు, జారినా నీళ్లే పోతాయి.

ఆదివారం పొద్దున్న, తాడును పరీక్షించాలని గొర్రెలాయన చేలో ఎండిపోయిన బావి దగ్గర చేరినాం. నీళ్లకు పనికిరాని బావి మా ధైర్యం తోడడానికి పనికొచ్చింది. వాళ్లమ్మ కుంటుకుంటూ చెంబులో పసుపు నీళ్లు, వేపకొమ్మ తెచ్చింది.

"ముగ్గురూ నిలబడండి నాయనా. చల్లుతా. కొండ తల్లి చల్లగా చూడాల."

బలికి ముందు పోతు మీద ఇట్లాగే నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలిస్తే సరే అన్నట్టు. విదిలించకపోతే కాచుకోవాల్సిందే. ఆమె కొమ్మ ఆడించగానే నీళ్లు నా మెడ వెనక నుంచి చొక్కాలోకి జారినాయి. తల నుంచి కాళ్ల దాకా ఒక్క విదిలింపు విదిలించినాను.

ఆటోవాడు కడుపు పట్టుకొని నేల మీద కూచున్నాడు. "ఒప్పుకున్నాడు పెద్దమ్మా! కొండెక్కే పని లేదు, ఈ పోతు చాల్లే!"

ఆమె కూడా చెంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. గొర్రెలాయన నవ్వుతూనే నడుముకు ముడి బిగించి, తాడు నా చేతిలో పెట్టి, బావి అంచు దాటినాడు.

కుడిచేతిలో తాడు మండుతాంది. ఎడమచేతిలో ఏమీ లేదు. చూసుకున్నాను, ఉంది. ఆయన తల కిందికి పోయేకొద్దీ ఎడమచేతి మీదినుంచి చూపు తిప్పలేదు. ఒక చెమట చుక్క కంట్లో పడింది. రెప్ప వేసినాను. అంతే, తాడు సర్రున జారింది.

బావి గోడకు పొడుచుకొచ్చిన రాతిమెట్టు మీద ఆయన కాళ్లు ఆనిన చప్పుడు వినిపించింది. జారింది జానెడే. ఆ జానెడులో ఆయన పిల్లలిద్దరి ముఖాలూ నాకు కనబడినాయి.

"కొత్త తాడు కదా, సాగింది!" అని లోపల్నుంచి అరిచినాడు. "ఏం కాలేదులేప్పా. ఇంకా వదులు."

ఎంత మంచి అబద్ధం దొరికింది నాకు! అడక్కుండానే, ఆయన నోటితోనే. ఊఁ అంటే చాలు. కొండ మీద కూడా తాడు సాగొచ్చు. ఎవరూ నన్ను అడగరు, అడగడానికి ఆయన ఉండడు.

"తాడు సాగలేదప్పా" అన్నాను. "నా ఎడమచేయి. దానికేం తెలీదు. శానా దినాలైంది. నువ్వు పైకి రా."

ఆయన మెట్లు పట్టుకొని పైకొచ్చినాడు. వాళ్లమ్మ నా చేయి పట్టుకొని, కొమ్మ మొదలుతో వేలికొస మీద గట్టిగా పొడిచింది.

"తెలుస్తాందా?"

"లేదు పెద్దమ్మా."

"బావిలోకి దిగినాక చెప్తావేమిరా? నీకు బుద్ధి ఉండాదా?" అని ఆయన నా మీదికి వచ్చి, ఆ చేతినే పట్టుకొని, చాలాసేపు వదల్లేదు. పట్టుకున్నాడని చూస్తేనే తెలిసింది నాకు. నా చేయి ఇన్నాళ్లూ నాకు చేయిచ్చింది, వీళ్లకు ఇవ్వకుండా బయటపడ్డాను.

నా స్థానంలో ఒక గడ్డపారను నియమించినారు. బండ నెత్తిన చీలిక ఉందట, అందులో దిగ్గొట్టి తాడు కడతారు. సోమవారం కొండకు నేనూ రావల్సిందే అన్నారు.

"నేనేం చెయ్యల్ల?"

"గడ్డపార పక్కన కూచోని చూస్తాండు. రవ్వంత కదిలినా కేకెయ్" అన్నాడు గొర్రెలాయన. "నీ అంత భయస్తుడు మాకు యాడ దొరుకుతాడు?"

ఆ సాయంత్రం మందుల డబ్బా, డాక్టరు చీటీ తీసుకొని ఇంట్లోవాళ్ల ముందు పెట్టి, చేయి చూపించినాను. తర్వాత నా సంచి నేనే సర్దుకున్నాను, కుడిచేత్తో.