నొక్కితే లేవాల

కోట నుంచి నెల్లూరు పోయే బస్సులో నా ఒళ్లో రెండు డిరైలర్లు ఉన్నాయి. మౌంటెన్ బైక్ వెనక చక్రం దగ్గర గేర్లు మార్చే భాగాలవి. సముద్రపొడ్డు రేసుకి ఒకటి ఉంచుకుని, రెండోది షాపులో తిరిగి ఇచ్చేయాల. నెలంతా రివ్యూలు చదివినా ఏది ఉంచుకోవాల్నో తేలలేదు.

ఖాళీ గంపతో పక్కన కూర్చున్న చేపలామె, "ఏంది నాయనా, అట్ట తిప్పి తిప్పి చూస్తా ఉండావు?" అంది.

చెప్పినాను. ఆమె రెండిటి స్ప్రింగునీ బొటనవేలితో నొక్కి వదిలింది.

"చేపైనా ఇంతే, నొక్కితే టక్కున లేవాల. ఇది తాజాది. అది నిన్నటిది."

ఆమె తాజాదన్నదే బండికి బిగించినాను. రేసులో నా ముందున్న ఇద్దరికీ గతుకుల్లో చైన్లు ఊడినాయి. నాది ఊడలేదు.

"ఏ రివ్యూ చూసి కొన్నావన్నా?" అని వాళ్లిద్దరూ అడిగినారు. చేపలామె చెప్పిందంటే పగలబడి నవ్వినారు.

నవ్వనీ. కప్పు మా ఇంట్లో ఉంది.